దాల్చిన కాని చెట్టు

చెట్టు పేరు తెలియకపోవడం తప్పు కాదు. తెలియని పేరుని ఇత్తడి రేకు మీద చెక్కించి చెట్టు పక్కన నిలబెట్టడం తప్పు. ఆ పని చేసిన పెద్దమనిషి మీద నాకింకా కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.

గల్ఫ్‌లో, సల్వా అనే పేటలో ఒక ఇంట్లో నేను తోటపని చేస్తాను. ఇఖామాలో, అంటే ఇక్కడ ఉండి పనిచేయడానికిచ్చే కార్డులో, తోటమాలి అని ఉంది, అది అబద్ధమేం కాదు. కాకపోతే నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాననీ, చదువుకునే రోజుల్లోనే సెలవలకి కడియం నర్సరీల్లో అంట్లు కట్టాననీ అందులో రాయరు. ఇంటావిడని పనివాళ్ళందరం మామా అనే పిలుస్తాం, ఇక్కడ దానర్థం అమ్మగారని. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆయన ఎప్పుడో ఈక్వడార్ నుంచి మొక్కగా తెచ్చి, ఏసీ పెట్టిన అద్దాల గదిలో నాటిన చెట్టొకటి ఇప్పుడు రెండు నిలువుల ఎత్తుంది. ఆ గదిలో మిగతా మొక్కలన్నీ ఒక ఎత్తు, ఆవిడకి అదొక్కటే ఒక ఎత్తు.

మొక్కలన్నిటికీ పేర్ల రేకులు పెట్టించాలని మామాకి బుద్ధి పుట్టింది. ఒక ముహందిస్ వచ్చాడు. ఇక్కడ ఇంజనీర్లని అలా అంటారు, ఈయన తోటల ఇంజనీరట. చెట్టు ఆకు ఒకటి తుంచి, నలిపి, వాసన చూశాడు. "దార్సీన్," అన్నాడు. అంటే దాల్చినచెక్క. సిలోన్ అని కూడా రాసుకున్నాడు. మొత్తం అరనిమిషం పట్టింది.

నాకు ఒళ్ళు మండింది. వాసన దాల్చినదే, కాదనను. రెండూ ఒకే కుటుంబం మరి. లారేసీ. బిర్యానీ ఆకు, అవకాడో కూడా ఆ ఇంటివే. కాని దాల్చిన ఆకులో తొడిమ దగ్గర్నుంచే మూడు ఈనెలు చీలి కొసదాకా పోతాయి. ఆకులు దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. ఈ చెట్టు ఆకుకి నడి ఈనె ఒక్కటే, దాన్నుంచి ఇటూ అటూ పిల్ల ఈనెలు. ఆకులు ఒకటి విడిచి ఒకటి. అంతకుముందు ఏడాది పూసినప్పుడు నేను భూతద్దం పెట్టి చూశాను. మీగడ రంగు పువ్వు, బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది. లోపల పుప్పొడినిచ్చే కేసరాలు తొమ్మిది. ఒక్కోదానికి పైన రెండు, కింద రెండు చిన్న కిటికీలు, రెక్కలు పైకి లేచి తెరుచుకుంటాయి. ఆ నాలుగూ ఒకే వరసలో ఉంటే దీని దాయాది నెక్టాండ్రా అనుకోవచ్చు. రెండంతస్తులుగా ఉన్నాయి కాబట్టి ఒకొటియా. కాయ అడుగున మందపాటి గిన్నె. ఈక్వడార్‌లో మసాలాకి వాడేది చెక్క కాదు, ఎండిన ఆ గిన్నెలే. పూర్తి పేరు ఒకొటియా క్విక్సోస్.

ఇదంతా ముహందిస్‌కి ఇంగ్లీషులో చెప్పాను. సగంలోనే ఆపేశాడు. "నీ ఇఖామాలో ఏముంది?" అన్నాడు. తోటమాలి అన్నాను. "అయితే నీళ్ళు పోసుకో." మర్నాడు ఫోన్ చేసి మళ్ళీ చెప్పాను. పెట్టేశాడు. మామాకే నేరుగా చెప్పాల్సింది. రోషం వచ్చి నోరు మూసుకున్నాను. నా తప్పేదైనా ఉంటే అదీ.

రేకులు వచ్చిన వారానికి ఇంటికి చుట్టాలొచ్చారు. మామా గొప్పగా, మన చెట్టు చెక్కతోనే దార్సీన్ చాయ్ పెట్టమని వంటచేసే అక్కతో చెప్పింది. అక్కది రాయచోటి వైపు, నలభై దాటిన మనిషి. మర్నాడు పొద్దున్నే అద్దాల గదిలోకి వెళ్తే చెట్టు మొదలు చుట్టూ బెత్తెడు మేర తెల్లగా ఒలిచేసి ఉంది. వంటింట్లోకి పరిగెత్తాను.

"ఏం చేసేవక్కా ఇది?"

"మామా చెక్క తీయమనె గదా నాయనా. అంగట్లో చెక్క చుట్ట మాదిరి ఉంటాది. ముక్కలు ముక్కలైతే తిడతాదని, చుట్టుకోని రావల్లని చుట్టూతా గీసి తీస్తి."

పనితనం చూపించబోయింది, అంతే. ఆకులు వండిన ఆహారం వేళ్ళకి దిగేది ఆ బెరడులోంచే. చుట్టూతా తెగితే వేళ్ళు ఆకలితో చస్తాయి, వాటి వెనకే చెట్టూ.

మామా ఆ తెల్లపట్టీ చూసి కేకలు పెట్టింది. తను చెప్పింది కొంచెం చెక్కేనట. అక్కని చూపించి, "ఖలాస్, ఊరికి పంపించేస్తాను," అంది. ముహందిస్ ఫోన్లో, పనివాళ్ళని చెట్ల దగ్గరికి రానివ్వొద్దని సలహా ఇచ్చాడు. రేకు సంగతి ఎత్తనే లేదు. అప్పుడు చెప్పాను మామాకి, మొత్తం. చెట్టు అసలు పేరు కాగితం మీద రాసిచ్చాను. చెట్టుని బతికిస్తానన్నాను. నెల రోజులు గడువిచ్చింది. చెట్టు బతికితే అక్క ఉంటుంది, లేకపోతే లేదు. అక్క కొడుకు ఇంకా చదువుకుంటున్నాడు, ఆ ఇంటికి ఈ ఉద్యోగమే ఆధారం.

అదే చెట్టు నుంచి పెన్సిలంత లావు రెమ్మలు ఆరు కోశాను. రెండు కొసలూ ఏటవాలుగా చెక్కి, గాయానికి పైనా కిందా బెరడు ఎత్తి లోపలికి దోపాను, తలకిందులు కాకుండా. ప్లాస్టిక్ పట్టీ చుట్టి మైనం పూశాను. ఆహారం ఆ రెమ్మల మీదుగా గాయాన్ని దాటి వేళ్ళకి దిగుతుంది, వంతెన అంటు అంటారు. అక్క వంటింట్లోంచి రోజూ వచ్చి, ఏమీ అడగకుండా చూసి వెళ్ళేది. నెల తిరిగేసరికి రెండు రెమ్మలు ఎండాయి. నాలుగు పచ్చగా నిలిచి ఉబ్బాయి, పైన చిగురొచ్చింది.

మామా సంతోషంగా ముహందిస్‌ని మళ్ళీ పిలిచింది. కొత్త రేకు తెచ్చాడు. నేను మామాకి రాసిచ్చిన కాగితంలోని పేరే, అక్షరం మారకుండా. కింద, గుర్తించినవారు అని తన పేరు. నేను మండిపడితే మామా నవ్వింది. "పేరు కోసం గొడవెందుకు? చెట్టు బతికిందిగా."

"పేరు తప్పు రాయబట్టే కదా మామా, అక్కని పంపించేయబోయారు!"

ఆవిడ నవ్వు ఆగింది. సరే, నీ పేరు కూడా కింద వేయిస్తానంది.

"నా పేరొద్దు. అక్కకి సారీ చెప్పండి."

ముహందిస్ రేకు బిగించుకుంటున్నాడు. మామా ఫోన్ చూసుకుంటూ, "యల్లా, పనికి పొండి," అంది. చాయ్ పళ్ళెం పట్టుకుని నిలబడ్డ అక్క దాన్ని పక్కన పెట్టి, నా చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చింది.

"ఎందుకు నాయనా ఆ మాటంటివి? తప్పు నాదేనని జెప్పి వస్తా, ఉండు," అని కళ్ళు తుడుచుకుని, లోపలికి వెళ్ళి ఆ ఇద్దరికీ సారీ చెప్పి వచ్చింది.