అన్‌ఫిట్ అని రాసి ఎక్కించిన ఇంజను

గురువారం పొద్దున ఆరు నలభైకి సూర్యాపేటల దిగినం. వాన. తొమ్మిది మందిమి. మూడు టన్నుల లారీలు రెండు, జీపు ఒకటి, వైర్‌లెస్ సెట్టు ఒకటి. నేను బండ్ల మెకానిక్‌ను. నాది తుంగతుర్తి పక్క పల్లె. ఫౌజు బట్టల మీద సొంత జిల్లాకు డ్యూటీకి రావుడు అదే మొదలు, అదే ఆఖరు. సాగర్ డ్యామ్ ఇంకా కడుతున్న రోజులవి.

ఎనిమిదింటికి సుబేదార్ సాబ్ ఆర్డరు చెప్పిండు. ఆయనది గుంటూరు దిక్కు.

"కోదాడలో క్యాంపు. చిలుకూరు అవతల ఊళ్లలో కలరా. దారులు తెగిపోయినాయి. మందులు లోపలికి, మనుషులు బయటికి. అంతే మన పని."

కలరాను మా దిక్కు గత్తర అంటరు. ఆ మాట వింటేనే మా అమ్మ వాకిట్లకు రానిచ్చేది కాదు ఎవర్నీ.

ఊళ్లకు పోయే దారిల కల్వర్టు ఒకటి కుంగింది. లారీలు పోవద్దన్నరు. శుక్రవారం జీపు గుంతల పడి ఇరుసు విరిగింది. ఇగ మిగిలింది కోదాడల దవాఖాన నడిపే డాక్టరమ్మ కారు. తెల్లోళ్ల కాలంల సీమనుంచి వచ్చిన నల్ల కారు. ఎత్తు చక్రాలు, తేలిక ఒళ్లు. ఒక్క రోజు నడిచింది. శనివారం పొద్దున ఏడున్నరకు ఇంజన్ల రాడ్డు విరిగి, బ్లాకును పొడుసుకొని బయటికొచ్చింది. చెయ్యి పట్టేంత బొక్క. అతుకు పడేది కాదు.

వైర్‌లెస్ ఆపరేటర్ ఇంకో జీపు కావాలని యూనిట్‌ను అడిగిండు. జవాబు నాక్కూడ వినబడ్డది.

"మంగళవారం మధ్యాహ్నం. అంతకు ముందు లేదు. ఓవర్."

మంగళవారం దాకా ఎందరుంటరు?

డాక్టరమ్మ నోట్లె కొంగు పెట్టుకొని నిలబడ్డది. ఉన్నట్టుండి అన్నది: "మిర్యాలగూడల రైస్‌మిల్లు సేటు ఒకాయనకు గిసొంటి కారే ఉన్నది. దానికని పాత ఇంజనొకటి కొని, మొత్తం విప్పి కట్టించిండు. ఇంకా ఎక్కియ్యలేదంట. పోయి అడుగు నాయనా."

పదిన్నరకు లారీల మిర్యాలగూడ మిల్లు కాడున్న. సేటుకు యాభై ఏండ్లుంటయి. సంగతి సగం చెప్పంగనే గోదాం తలుపు తీసిండు.

"తీస్కపో తమ్మీ. పాణాలకంటె ఎక్కువనా?"

వడ్ల బస్తాల నడుమ గోనెపట్టాల మీద ఉన్నది ఇంజను. నిగనిగ ఆకుపచ్చ రంగు. కొత్త రంగు జూస్తే నాకు భయం. రంగు కింద ఏమున్నదో ఎవరికెరుక.

హ్యాండిలేసి చేత్తోని తిప్పిన. యాడా పట్టలే. ప్లగ్గులు తీసి ఒక్కొక్క బొక్క మీద బొటనవేలు పెట్టి, డ్రైవర్‌ను తిప్పమన్న. మూడు సిలిండర్లు వేలును ఎగదన్నినయి. నాలుగోది బుస్సుమన్నది గాని దమ్ము లేదు. కింద నూనె తొట్టి విప్పిన. బేరింగులు కొత్తవే, నూనెల ఇనుప రజను లేదు. పానం కొద్దిగ నిమ్మళమైంది.

ఆఖరుకు కిరసనాయిలు పెట్టి బ్లాకు పక్కలు కడిగిన. నాలుగో సిలిండర్ కాడ ఒక్క జాగల రంగు ఉబ్బింది. గీకిన. కింద లప్పం. లప్పం తీసి, మళ్ల కిరసనాయిలు పూసి, తుడిసి, సుద్ద పొడి చల్లిన. ఓపిక పట్టిన. తెల్లటి సుద్ద మీద సన్నగ తడి గీత లేసింది. నాలుగు వేళ్ల పొడుగు. బ్లాకు పగిలింది. వేడెక్కితే ఆ పగులు నోరు తెరుస్తది, నీళ్లు నూనెల కలుస్తయి.

సేటు వంగి చూసిండు. మొఖం నల్లబడ్డది.

"మంచిగ కట్టిన అన్నడు మిస్త్రీ. నా పిల్లల్ని ఎక్కించుకొని తిరుగుదామనుకున్ననే!" నా దిక్కు తిరిగిండు. "ఇప్పుడెట్ల తమ్మీ?"

ఇంకో ఇంజను లేదు. పగులు పాకకుండ రెండు కొసలకు చిన్న బొక్కలేసి ఇత్తడి మరలు బిగించిన. లారీల ఎక్కించినం. ఒంటిగంటన్నరకు కోదాడ.

సుబేదార్ సాబ్‌కు ఉన్నదున్నట్టు చెప్పిన.

"ఎంత దూరం పోద్ది?"

"చెప్పలేను సాబ్. రెండు ట్రిప్పులు పోవచ్చు. లేకుంటె మొదటి మైలుకే ఆగొచ్చు."

ఆయన రిపోర్టు బుక్కు నా దిక్కు జరిపిండు. "అన్‌ఫిట్ అని రాయి. రాసి ఎక్కించు."

రాసిన. ఎక్కించిన. సాయంత్రం ఆరింటికి ఇంజను స్టార్టయింది. ఎవ్వరం సంబరపడలే.

ఆదివారం ఆరు పదికి మొదటి ట్రిప్పు. డాక్టరమ్మ, మందుల పెట్టెలు. సైకిలు పోయినంత మెల్లగ నడిపిన. రెండు మైళ్లకోసారి ఆపి నీళ్లు పోసిన. డాక్టరమ్మ ఆ ఊర్లెనే ఉన్నది, నేను ఇద్దరు రోగుల్ని కోదాడకు తెచ్చిన. రెండో ట్రిప్పుల ఇంకో ఇద్దర్ని. నలుగురూ బతికిన్రు.

మూడో ట్రిప్పుకు ముందు నూనె పుల్ల తీసి చూసిన. నూనె మజ్జిగ తీర్గ తెల్లబడుతున్నది. పగులు నోరు తెరిసిందని నాకు తెలుసు. అయినా పోయిన.

ఒంటిగంట ఇరవైకి ఒకామెను వెనక సీట్ల పండబెట్టిన్రు. పాతికేండ్లుంటయేమో. చేతికి సెలైన్ సూది. భర్త సీసా పట్టుకొని పక్కన కూసున్నడు.

"సీసా ఎత్తుల ఉంచు, దించకు," అని డాక్టరమ్మ ఆయనకు చెప్పింది.

ఆయన నన్ను అడిగిండు: "సారూ, గీ బండి మంచిగ పోతదా?"

"పోతది," అన్న.

రెండు ఐదుకు చెరువు కట్ట మీద కారు పొగలు కక్కి ఆగింది. తిప్పితే తిరగలే. చిలుకూరు ఇంకా రెండు మైళ్లు. "ఎడ్లబండి తెస్త, ఈడనే ఉండు," అని భర్తకు చెప్పి ఉరికిన. బూట్లు బురదల దిగబడుతుంటె ఇప్పి చేతవట్టుకున్న. చిలుకూరుల ఒక రైతు అన్నం తింటున్నోడు లేసి ఎడ్లు కట్టిండు. మూడు ఇరవైకి తిరిగొచ్చిన. అప్పటికే ఆమె పోయింది.

మంగళవారం జీపొచ్చింది. ఇంకో ఎనిమిది రోజులు పని చేసినం. సూర్యాపేట మీదుగ యూనిట్‌కు మళ్లినం. రిపోర్టుల ఇంజను గురించి ఒక్క లైను, తప్పు లేకుండ. నా మీద ఎవ్వరూ మాట అనలేదు. నలుగుర్ని కాపాడినవని మా ఊర్లె ఇప్పటికీ అంటరు.

నేను ఎవ్వరికీ చెప్పనిది ఒకటున్నది. ఎడ్లబండి మీద వస్తుంటె దూరంనుంచే ఆమె భర్త కనబడ్డడు. కారు తలుపు తెరిసి, వానల నిలబడి, చెయ్యి నెత్తికంటె పైకెత్తి ఉన్నడు. సీసా ఖాళీ. దగ్గరికి పోయి "దించు అన్నా" అన్న. దించలే. భుజం బిగుసుకుపోయింది. నేనూ, ఆ రైతూ కలిసి ఆ చేతిని వంచి కిందికి దించినం.