‘నాడె’కి రెండో లైసెన్సు

అది 2022 వేసవి. గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద అద్దె గదిలో కూర్చుని, ఒక కంపెనీకి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తున్న రోజులు. ఆ ఉద్యోగం ఇల్లు గడిపేది. నా మనసు మాత్రం ఎప్పుడూ ‘నాడె’ మీదే ఉండేది.

నాడె అంటే మగ్గం మీద పేక నూలును అటూ ఇటూ తీసుకెళ్ళేదని చీరాల, మంగళగిరి వాళ్ళకు చెప్పక్కర్లేదు. నేను చెబుతున్నది ఆ పేరు పెట్టుకున్న ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీ సంగతి. మా వృత్తిలో లైబ్రరీ అంటే పుస్తకాలుండే చోటు కాదు. వేరే ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ పనిలో కలుపుకోవడానికి సిద్ధం చేసి పెట్టిన కోడ్. చీర అంచు బొమ్మను కంప్యూటర్‌లో గీసి ఇస్తే, మగ్గానికి డిజైను అందించే జకార్డు అట్టల మీద ఎక్కడ రంధ్రం కొట్టాలో, ఎక్కడ వదిలేయాలో మా నాడె చెప్పేది. చీరాల దగ్గర ఇంజనీరింగ్ చదివేటప్పుడు ముగ్గురం కలిసి రాసి, ఎవరైనా వాడుకోండంటూ ఇంటర్నెట్‌లో పెట్టేశాం. ఇలా కోడ్ తెరిచి పెట్టడాన్నే ఓపెన్ సోర్స్ అంటారు.

ముగ్గురం అంటే నేను, సువర్ణరాజు, పద్మావతి. నాది పర్చూరు పక్కన మిరప పండించే పల్లె. రాజుది కొత్తపట్నం, వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకెళ్ళేవాడు. పద్మది మంగళగిరిలో నేతవాళ్ళ ఇల్లు. నాడె అన్న పేరు కూడా ఆవిడ పెట్టిందే.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. మా ల్యాబ్‌లో ఇంటర్నెట్ వచ్చే కంప్యూటర్ ఒక్కటే, కిటికీ పక్కన ఉండేది. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి తిరిగి కీబోర్డు నిండా ఇసుక పడేది. రాజు దాన్ని తలకిందులుగా దులిపి, “ఇదుగో, మా ఊరి నుంచి మనియార్డరు” అనేవాడు. పద్మ కోడ్ రాస్తుంటే మేమిద్దరం పునుగుల పొట్లం పట్టుకుని వెనక నిలబడేవాళ్ళం. నూనె చేతులతో ముట్టుకుంటే వేళ్ళ మీద స్కేలుతో కొట్టేది. అప్పట్లో డబ్బు సంగతి గానీ, పేరు సంగతి గానీ మాలో ఎవరికీ తట్టలేదు.

చదువు అయిపోయాక తలో దారి పట్టాం. నాడె మాత్రం నా నెత్తినే ఉండిపోయింది. ఇలా లైబ్రరీ బాగోగులు చూసేవాణ్ణి మెయింటెయినర్ అంటారు. పేరు గొప్పే గానీ, పని వెట్టిచాకిరీ. కొత్త ఆపరేటింగ్ సిస్టం వచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఏదో తెగేది. “అన్నా, అట్టలు తప్పు పడుతున్నాయి, మగ్గం ఆగిపోయింది” అని చీరాల నుంచి ఫోన్లు వచ్చేవి. సెలవు రోజులన్నీ దానికే పోయేవి. ఆ వేసవికి చేతులెత్తేశాను. పేజీ మూసేద్దామని నిర్ణయించుకున్నాను కూడా.

సరిగ్గా అప్పుడే ఎలక్ట్రానిక్ జకార్డు యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. నాడెను తమ యంత్రంలో పెట్టుకుంటామన్నారు. చిక్కేమిటంటే, మా లైసెన్సు ప్రకారం నాడెను కలుపుకుని అమ్మేవాళ్ళు తమ కోడ్‌నీ బయటపెట్టాలి. వాళ్ళకు అది కుదరదు. దీనికి మా వృత్తిలో ఉన్న మార్గం డ్యూయల్ లైసెన్సింగ్, అంటే ఒకే కోడ్‌ను రెండు రకాల షరతుల మీద ఇవ్వడం. తమ కోడ్ కూడా తెరిచి పెట్టేవాళ్ళకు ఎప్పటిలాగే ఉచితం. దాచుకుంటామనేవాళ్ళు రుసుము కట్టి వేరే ఒప్పందం రాసుకోవాలి. ఆ రుసుముతో నేను ఉద్యోగం మానేసి నాడె పని ఒక్కటే చూసుకోవచ్చు. కుదరకపోతే పేజీ మూతే.

అయితే ఎవరు రాసిన కోడ్ వాళ్ళ సొత్తు. రెండో లైసెన్సు పెట్టాలంటే రాసిన ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి. మధ్యలో చిన్న చిన్న మార్పులు పంపినవాళ్ళకు మెయిళ్ళు పెడితే అందరూ సరేనన్నారు. పోర్చుగల్ నుంచి ఒకాయన ఒక్క ముక్కలో ఒప్పేసుకుని, ఇంతకీ కోడ్‌లో ‘టిక్కీ’ అని ఉంది, అది ఏ గణిత పద్ధతి అని అడిగాడు. గుంటూరు యార్డులో మిరపకాయల బస్తాను అలా అంటారని రాసి పంపాను. ఇక మిగిలింది కాలేజీ నాటి కోడ్. అసలు సరుకంతా అదే.

కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ కమిట్ అంటారు. దాని పక్కన చేసినవాళ్ళ పేరు దానంతట అదే పడుతుంది. కాలేజీ నాటి కమిట్లు తీసి చూస్తే అన్నిటి పక్కనా సువర్ణరాజు పేరే ఉంది. ల్యాబ్‌లో ఆ ఒక్క కంప్యూటర్‌ను మొదటిరోజు సిద్ధం చేసింది వాడు. తన పేరు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ముగ్గురం అందులోనే రాశాం, మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

కంపెనీ మేనేజర్‌కు ఫోన్‌లో ఈ మాట చెబితే ఆయన తేలిగ్గా తీసిపారేశాడు. “రికార్డులో ఆయన పేరే ఉంది కదండీ. ఆయన సంతకం చాలండి మాకు. ఎందుకండీ లేనిపోని తలనొప్పి?”

నాకూ ఆ మాటే రుచించింది. ఆదివారం ఒంగోలు దాకా రైల్లో వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో కొత్తపట్నం చేరాను. రాజు ఇప్పుడు స్కూల్లో లెక్కల మాస్టారు. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నాడు, తెల్ల చొక్కా ఇంకా విప్పలేదు.

“ఏరా, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?” అంటూ కావలించుకున్నాడు. చేపల పులుసుతో భోజనం పెట్టాక లాప్‌టాప్ తెరిచి విషయం చెప్పాను. వాడు ఆ పేజీ కిందకీ పైకీ జరుపుతూ చాలాసేపు చూశాడు.

“ఇదేంట్రా, మొత్తం నేనే రాసినట్టుంది? అంచు బొమ్మలు తిప్పేదంతా పద్మ కదరా రాసింది!”

“అందుకే నీ ఒక్కడి సంతకంతో పనైపోతుంది. చట్టప్రకారం ఏ ఇబ్బందీ ఉండదంట.”

“చట్టం సంగతి అవతల పెట్టు. రాయనిది రాశానని సంతకం పెట్టి, వచ్చే ఆదివారం సండే స్కూల్ పిల్లలకి ఏ మొహం పెట్టుకుని పాఠం చెప్పమంటావురా?”

“ఒరేయ్, నాడె మూతపడిపోతుందిరా.”

“పద్మని అడుగుదాం పద. ఆవిడ పెడితే నేనూ పెడతా.”

నాకు ఒళ్ళు మండింది. కాలేజీలో కూడా వీడింతే, అటెండెన్సులో తనకు పొరపాటున వేసిన హాజరును దిద్దించుకొచ్చిన ఘనుడు. అయినా వాడు కదలడని తెలిసి, ఇద్దరం మంగళగిరి బయల్దేరాం.

పద్మ అక్కడ తమ చీరల కొట్టు నడుపుతోంది. అంచులు తనే గీసి నేయిస్తుంది. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది, కానీ, “రండండీ, కూర్చోండి” అంది. కాలేజీలో మమ్మల్ని ‘ఒరేయ్’ తప్ప మరో మాటతో పిలవని మనిషి. ఆ ‘అండి’ వినగానే నా ప్రాణం చివుక్కుమంది. మజ్జిగ తెప్పించి, నేను చెప్పిందంతా విని, “అందులో నా పేరెక్కడుంది?” అని అడిగింది.

“లేదు.”

“పేరు లేని చోట సంతకం దేనికండీ?”

నేను ల్యాబ్ కంప్యూటర్ సంగతి ఎత్తాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. “అదంతా నాకు తెలుసు. చదువయ్యాక హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళాను. నేనే రాశానని నాడె పేజీ తెరిచి చూపించాను. ఇందులో మీ పేరేదమ్మా అన్నారు. ఒకాయన నవ్వుతూ, స్నేహితుల ప్రాజెక్టు మనదని చెప్పుకోకూడదు తల్లీ అన్నాడు. బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను. మళ్ళీ ఏ ఇంటర్వ్యూకీ వెళ్ళలేదు.”

రాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “పద్మా, దేవుడి ముందు చెబుతున్నా, నాకిది తెలియదు. తెలిస్తే ఆ రోజే వచ్చి చెప్పేవాణ్ణి.”

“నువ్వు అలాంటివాడివి కాదని నాకూ తెలుసు” అంది కాస్త మెత్తబడి. “కానీ ఇప్పుడు ఎవరు ఏది రాశారో ఎట్లా తేలుస్తారు? అంతా నీ పేరు మీదే ఉందాయె.”

ముగ్గురి పేర్లూ పెడితే కంపెనీ వకీలు ఏ భాగం ఎవరిదో రాసివ్వమని అడుగుతాడు, ఇన్నేళ్ళ తర్వాత గుర్తుందని నోటి మాటగా చెబితే ఒప్పుకోడు. నాడె పని ఇక అయిపోయినట్టేనని లాప్‌టాప్ మూయబోయాను. పద్మ దాన్ని తన వైపు తిప్పుకుంది. పాత కోడ్ చూసి ఎన్నేళ్ళయిందో, కళ్ళజోడు పెట్టుకుని చదువుతూ ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది.

“ఒరేయ్ రాజూ, చీర అంచులో ఈ ‘లంగరు’ ఏంట్రా?”

రాసేటప్పుడు కోడ్‌లో ప్రతి విలువకీ మనమే ఒక పేరు పెట్టుకుంటాం, దాన్ని వేరియబుల్ అంటారు. అర్థమయ్యే ఇంగ్లీషు పేర్లు పెట్టండర్రా అని మా లెక్చరర్ మొత్తుకునేవారు. మేం వినలేదు. ఎవరింట్లో మాటలు వాళ్ళం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టేశాం. రాజు రాసిన చోటల్లా వల, తెడ్డు, లంగరు. నేను రాసిన చోట కళ్ళం, తొడిమ, టిక్కీ. అంచు తిప్పే భాగమంతా పోగు, పడుగు, కండె, ఆసు, అన్నీ నేతవాళ్ళ మాటలే. కొత్తపట్నం కుర్రాడికి నూలు చుట్టే ఆసు అంటే ఏమిటో ఈ రోజుకీ తెలియదు. పక్కనే ఉన్నవాణ్ణి అడిగి చూశాం, తెలియదన్నాడు.

కొట్టు కౌంటర్ మీదే ముగ్గురం కూర్చున్నాం. చీరలు చూడ్డానికి వచ్చినవాళ్ళను కొట్టులో పనివాళ్ళు చూసుకున్నారు. ఒక్కో ఫైలూ తెరిచి, మాటను బట్టి రాసిన మనిషిని పట్టుకున్నాం. ఏ మాట దగ్గర ఎవరం ఏం దెబ్బలాడుకున్నామో కూడా గుర్తొచ్చింది. మళ్ళీ ఆ ల్యాబ్ కిటికీ దగ్గర ఉన్నట్టే అనిపించి నాకు కళ్ళు చెమర్చాయి. వాళ్ళు చూడకుండా తుడుచుకున్నాను, పద్మ చూసే ఉంటుంది.

పాత కమిట్ల చరిత్రను తిరగరాస్తే లోకంలో ఉన్న కాపీలన్నీ చెడతాయి. అందుకని దాన్ని ముట్టుకోకుండా, ఏ భాగం ఎవరు రాశారో చెప్పే రచయితల ఫైలు కొత్తగా చేర్చాం. తన పేరు మీదున్నవి తనవి కావని రాజు రాతపూర్వకంగా ఇచ్చాడు. అప్పుడు పద్మ సంతకం పెట్టింది. ఆ వెనకే రాజు, నేను పెట్టాం. వకీలు చూసి, ఇలాంటి సాక్ష్యం ఎప్పుడూ చూడలేదంటూనే ఒప్పుకున్నాడు. వచ్చేదాంట్లో ముగ్గురికీ సమాన వాటా అనుకున్నాం. నేను ఉద్యోగం మానేశాను.

రెండో లైసెన్సు మొదలయ్యాక, కొత్తగా కోడ్ పంపేవాళ్ళెవరైనా ముందుగా ఒక అంగీకారపత్రం మీద సంతకం చేయాలి. మొదటి పత్రం వానాకాలంలో వచ్చింది. పద్మ నుంచి. దాంతోపాటు ఒక చిన్న మార్పు. అంచు బొమ్మను అద్దంలోలా తిప్పేటప్పుడు, పోగులు బేసిగా ఉంటే నడిమి పోగు రెండుసార్లు పడుతోంది. ఆ లోపాన్ని సరిచేసింది. చీరాల ఫోన్లలో సగం ఈ లోపం గురించేనని నాకు అప్పుడు గానీ అర్థం కాలేదు. వెంటనే ఫోన్ చేశాను.

“పద్మా, ఈ తప్పు ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“కాలేజీలోనే తెలుసు. పరీక్షలొచ్చి వదిలేశాను.”

“మరి ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం? నేను దానితో చచ్చిపోతున్నానే!”

“ఎవరి కోడ్‌లో తప్పుందని చెప్పన్రా? నాదని చెప్పుకుంటేనే నవ్వారు. పక్కింటి మగ్గం మీద చెయ్యి వేస్తామా ఏంటి?”

లైసెన్సు మార్చడం ఎలాగని ఇప్పుడు కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు. వకీలు, ఒప్పందం, షరతులు అన్నీ చెబుతాను. వాటికంటే ముందు, రాసిన ప్రతి మనిషి పేరూ అక్కడ ఉందో లేదో చూసుకోమంటాను. డబ్బు లేకపోవడం వల్లే నాడె చచ్చిపోతోందని నేను అన్నేళ్ళూ అనుకున్నాను. దాన్ని బాగుచేయగల మనిషి మంగళగిరిలోనే ఉంది, తన పేరు లేదని దూరంగా ఉంది. ఆ రోజు ఫోన్ పెట్టేసి ఆవిడ పంపిన మార్పును నాడెలో కలిపాను. పక్కన ‘పద్మావతి’ అని పడింది.