క్లాంగ్ ఆఫీసుకి వచ్చిన మా అత్త

దెయ్యాలున్నాయంటే నమ్మే మనిషిని కాను నేను. మలేషియాలో సుంగై సుమున్ వైపు పామాయిల్ తోటల మధ్య పుట్టి పెరిగాను. చీకట్లో ఒంటరిగా నడిచి ఇంటికొచ్చిన రోజులు చాలా ఉన్నాయి, ఎప్పుడూ ఏమీ కనబడలేదు. నా తోడికోడలు పుష్ప మాత్రం అన్నీ నమ్ముతుంది. దారిలో కోసిన నిమ్మకాయ కనిపిస్తే మోటర్‌సైకిల్ వెనక్కి తిప్పి పక్క వీధిలోంచి వెళ్తుంది. తను నమ్ముతుంది కాబట్టే నేను నమ్మనని మా ఆయన సన్యాసి ఆటపట్టిస్తాడు. అందులో అబద్ధమేమీ లేదు.

నాకు పుష్పంటే కుళ్ళు. ఇది కూడా ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే జరిగినదానిలో సగం నాకు గుర్తుండిపోయింది ఆ కుళ్ళు వల్లే.

మాది బంటింగ్. ఎస్టేటు మూతపడ్డాక మా మామ కొన్న ఇంట్లో, మా అత్త నూకమ్మతో కలిసి నేనూ మా ఆయనా పిల్లలూ ఉండేవాళ్ళం. మా మరిది, పుష్ప ఊరికి అటుపక్క కొత్త ఇళ్ళలో వేరుగా ఉంటారు. అత్తకి వండిపెట్టింది నేను. మోకాళ్ళకి నూనె రాసింది నేను. క్లినిక్కుకి తిప్పింది నేను. పుష్ప ఆదివారం వచ్చి పక్కన కూర్చుని రెండు కబుర్లు చెప్పి వెళ్ళేది. అత్త వారమంతా ఆ ఆదివారం గురించే మాట్లాడేది.

నాది పిండివంటల వ్యాపారం. ఊళ్ళో చిన్న షాపు అద్దెకి తీసుకుని, వెనక వంట, ముందు ప్యాకింగు పెట్టుకున్నాను. జంతికలు, చెక్కలు, సున్నుండలు. అన్నీ అత్త దగ్గర నేర్చుకున్నవే. అందుకని కంపెనీకి ఆమె పేరే పెట్టాను. పుష్పది స్కూళ్ళకి, ఫ్యాక్టరీలకి యూనిఫారాలు కుట్టించే కంపెనీ. దానికి తన పేరే పెట్టుకుంది.

ఇక్కడ కంపెనీ అంటూ పెట్టాక దానికి రిజిస్టర్డ్ ఆఫీసు ఒకటి ఉండి తీరాలి. సర్కారు కాగితమైనా కోర్టు నోటీసైనా ఆ చిరునామాకే వస్తుంది. ఆఫీసు వేళల్లో అక్కడ ఎవరో ఒకరు ఉండి అందుకోవాలి. మేమిద్దరం అత్త ఇంటి చిరునామానే రాయించాం. పొద్దున్నించి సాయంత్రం దాకా వరండాలో, గ్రిల్లు వెనక, ప్లాస్టిక్ కుర్చీలో అత్త ఉండనే ఉండేది. అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తుంది. మా ఎస్టేటు ముసలమ్మల్లో చాలామందికి ఆ అలవాటుండేది. మా ఊళ్ళో నాకు తెలిసి చివరికి మిగిలింది మా అత్తే.

ఆమెకి ఏ భాషలోనూ చదవడం రాదు. కవరు మీద ప్రభుత్వ ముద్రలో ఉండే రెండు పులుల్ని చూసి గుర్తుపట్టేది. గుర్తుపట్టగానే పుష్పకి ఫోను చేసేది. "ఓలే పుష్పా, కాగితమొచ్చినాదే. పులుల బొమ్మున్నాది. వచ్చి సూడు" అనేది. అది నా కంపెనీ కాగితమైనా సరే, ఫోను మాత్రం పుష్పకే. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "నీకు సెప్తే ముందు అరుస్తావు లా. అది నిదానంగా సదివి సెప్తాది" అంది. మాట చివర లా తగిలించడం ఇక్కడ అందరికీ అలవాటే. ఆ మాట నన్ను చాలా రోజులు కొరికింది. ఇంటి తాళంచెవి ఒకటి పుష్పకి ఇచ్చిందని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

అత్త నిద్రలోనే పోయింది. దహనానికి ముందు కట్టడానికి పుష్ప పట్టుచీర తెచ్చింది. నేను ఒప్పుకోలేదు. అంతకు ముందు దీపావళికి నేను కొన్న చిలకపచ్చ నూలుచీర, ఎర్రంచుది, అత్త ఇష్టంగా కట్టుకునేది. అదే కట్టాలని పట్టుబట్టాను. మా ఆయన మొదటిసారి నా పక్షాన మాట్లాడాడు. ఆ చీరతోనే పంపించాం.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. మనిషి పోయాక ఏడాది తిరిగేదాకా ఆ మనిషి చోటు కదపరు. కుర్చీ వరండాలోనే ఉండాలి. చుట్టల డబ్బా కిటికీ మీదే ఉండాలి. సంవత్సరీకం అయ్యాకే ఏదైనా తీసేది. చిరునామా కూడా అంతేననుకున్నాను నేను. ఆమె ఇంటి నంబరు కాగితాల మీంచి కొట్టేస్తే ఆమెని గుమ్మం దాటించినట్టే కదా అని నా లెక్క.

పుష్ప అలా అనుకోలేదు. నెల తిరక్కుండానే క్లాంగ్‌లో ఒక ఏజెంటు ఆఫీసుని కుదుర్చుకుంది. వాళ్ళు కంపెనీకి తమ ఆఫీసు చిరునామా ఇస్తారు, వచ్చిన కాగితాలు అందుకుని వెంటనే ఫోను చేస్తారు, ఏ గడువు ఎప్పుడో గుర్తుచేస్తారు. ఏటా సర్కారుకి పత్రాలు పంపే కంపెనీ సెక్రటరీ పని కూడా వాళ్ళదే. మేడ మీద ఆఫీసు, గాజు తలుపు, లోపల గోడ మీద కంపెనీల పేర్ల బోర్డు. ఆ బోర్డులో తన పేరు ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టింది. అందరూ బొటనవేలి బొమ్మలు పెట్టి మెచ్చుకున్నారు. నేను ఆ ఫొటోని పెద్దది చేసి చూశాను. ఇత్తడి రంగు అక్షరాలు, బాగానే ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండింది. తర్వాతి ఆదివారం మొహం మీదే అడిగేశాను. "ఏడాది తిరక్కుండా అత్తని గెంటీసినావు" అన్నాను.

పుష్ప గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచదు, అదే నాకు పడదు. "అత్త లేదు గదక్కా. పగలు తలుపేసుంటాది. కాగితమొస్తే ఎవులు తీసుకుంటారు? నీది కూడా అక్కడ ఎట్టించు లా" అంది.

నీ సలహా నాకక్కర్లేదన్నాను.

నాకు సెక్రటరీగా ఊళ్ళో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయనకి ఒంట్లో బాగాలేక పని మానుకున్నారు, ఇంకొకరిని చూసుకోమని కబురు పెట్టారు. చూద్దాంలే అనుకున్నాను. పండగ ఆర్డర్లతో ఊపిరాడలేదు. ఒక పెద్ద సూపర్‌మార్కెట్ నా సరుకు తీసుకుంటామని అప్పుడే ఒప్పుకుంది. మా ఆయన ఫ్యాక్టరీకి, పిల్లలు స్కూలుకి, నేను షాపుకి. ఇంటికి పగలంతా తాళమే.

పండగైపోయాక ఒక మధ్యాహ్నం పుష్ప ఫోను చేసింది. "అక్కా, నీ కాగితం నా ఏజెంటు ఆఫీసులో ఉన్నాదంట. పులుల బొమ్మది. వేగిరం ఎల్లు" అంది.

నా కాగితం తన ఆఫీసుకెందుకు వెళ్తుంది? తాళంచెవి తన దగ్గరుంది కదా, మా ఇంట్లోంచి తీసుకెళ్ళి అక్కడ పడేసి, చూశావా నా ఏజెంటు ఎంత గొప్పదో అని చూపించుకుంటోంది అనుకున్నాను. అదే కోపంతో క్లాంగ్ బస్సెక్కాను.

మేడ మీద కౌంటర్లో ఐదా అనే మలయ్ అమ్మాయి ఉంది. కవరు ఇచ్చింది. ఇంకా చింపలేదు, పైన వాళ్ళ ఆఫీసు అందుకున్న తేదీ ముద్ర ఉంది. లోపల కంపెనీల రిజిస్ట్రీ నోటీసు. ఏటా ఇవ్వాల్సిన పత్రాలు నేను ఇవ్వలేదు కాబట్టి, గడువులోగా జవాబివ్వకపోతే నా కంపెనీని రిజిస్టర్లోంచి కొట్టేస్తామని. గడువు ఇక ఎన్నో రోజులు లేదు. కొట్టేస్తే బ్యాంకు ఖాతా ఆగిపోతుంది, సూపర్‌మార్కెట్ వెనక్కి తగ్గుతుంది. అన్నిటికన్నా ముందు నూకమ్మ అనే పేరు పోతుంది.

వాళ్ళు మంచివాళ్ళే. ఆ సాయంత్రమే పత్రాలు తయారుచేయడం మొదలుపెట్టారు. అంతా గడువులోగా చేరింది, కంపెనీ నిలబడింది. ఇందులో వింతేమీ లేదు, అది వాళ్ళు రోజూ చేసే పని.

వింత ఏమిటంటే, ఈ కవరు మీకెవరు తెచ్చారని నేను ఐదాని అడిగాను. ఒక ముసలావిడ తెచ్చింది అంది.

మేడ మెట్లెక్కి వచ్చిందట. ఆయాసం కూడా లేదట. మా అత్త మోకాళ్ళకి మా ఇంటి గుమ్మమే కొండ. చేతిలో వెలుగుతున్న చుట్ట ఉందట. లోపల పొగ తాగకూడదమ్మా అని ఐదా అంటే, ఆవిడ తలూపి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసిందట. నోరు కాలిపోతుందని ఐదా కంగారుపడి నీళ్ళు తేబోయిందట. అది చెబుతూ ఐదా చేత్తో చేసి చూపించింది. ఆ అమ్మాయి జీవితంలో అలాంటిది చూసి ఉండదు.

చీర ఏ రంగని అడిగాను. చిలకపచ్చ, ఎర్రంచు అంది.

కవరు మీదున్న కంపెనీ మా దగ్గర లేదే, ఇది ఎవరిది అని ఐదా అడిగితే, ఆవిడ పాత ఎస్టేటు మలయ్‌లో "మెనంతు బెసార్" అందట. అంటే పెద్ద కోడలు. ఊరుకోకుండా "సెలాలు మారా" అని కూడా అందట. ఎప్పుడూ కోపమే అని. ఎవరిదో తెలియక కొన్ని రోజులు అట్టేపెట్టి, ఆ తర్వాత ఐదా కవరు మీది చిరునామా కంప్యూటర్లో వెతికితే, అది పుష్ప కంపెనీ పాత చిరునామా అని తేలి పుష్పకి ఫోను చేసింది.

నేను అంత తేలిగ్గా లొంగలేదు. ఫోనులో ముందు పుష్ప వాళ్ళ అమ్మ ఫొటో చూపించాను. ఈవిడ కాదంది. ఎదురింటి ముసలమ్మ ఫొటో చూపించాను. కాదంది. అత్త ఫొటో చూపిస్తే, ఈవిడే అంది. మా అత్త అన్నాను. పోయిందని చెప్పలేదు. పిల్ల రోజంతా ఒంటరిగా కూర్చునే చోటు, భయపెట్టడమెందుకని ఊరుకున్నాను. మెట్ల దగ్గర కెమెరా ఉంది కానీ పాత బొమ్మలు చెరిగిపోతాయట.

ఇంటికొచ్చి పోస్ట్‌మన్‌ని పట్టుకున్నాను. కొత్త మనిషి, మమ్మల్ని ఎరగడు. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చునే పాట్టి, అంటే ముసలమ్మ, గ్రిల్లులోంచి చెయ్యి చాచి తీసుకుంది కదా, సంతకం బదులు వేలిముద్ర వేస్తానంటే నేనే సర్దుకున్నాను అన్నాడు. గ్రిల్లుకి తాళం ఉండే వేళ అది.

ఇక పుష్ప. కవరు మీద ముద్ర ఉన్న రోజున పుష్ప ఉత్తరాన చాలా దూరంలో ఉన్న సుంగై పెటానిలో తన చెల్లెలి కూతురి పెళ్ళిలో ఉంది. నాకు అనుమానం లేదు. మా ఇంట్లో ఏడాది మైల కాబట్టి నేను పెళ్ళిళ్ళకి వెళ్ళకుండా ఉంటే, తను పుట్టింటి పెళ్ళని వెళ్ళింది. పెళ్ళిమండపంలోంచి గంటకో ఫొటో పెట్టింది. ఊదారంగు పట్టుచీర, కొత్త జుంకాలు. ఒక్కో ఫొటో చూసి పళ్ళు నూరుకున్నాను. తాళంచెవి కూడా తన సంచిలోనే, అక్కడే ఉంది.

నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే దుఃఖం, కడుపుమంట కలిసి వచ్చాయి. ఆ రాత్రి మా ఆయన ముందు ఏడ్చేశాను. అంత దూరం క్లాంగ్ వెళ్ళింది, మా ఊరి బస్టాండు పక్కనే ఉన్న నా షాపుకి ఎందుకు రాలేదు? వచ్చినా పుష్ప మనుషుల దగ్గరికేనా? నేను చేసిందంతా ఏమైంది?

మా ఆయన "నీ షాపుకొచ్చి ఇస్తే నువ్వు సదివీదానివా? బల్ల మీద పడీసి జంతికలు ఏపుకుందువు. అమ్మకి తెల్దేటి" అన్నాడు.

నా కంపెనీ చిరునామా కూడా ఆ ఏజెంటు ఆఫీసుకే మార్చాను, వాళ్ళ బోర్డు మీద పేరూ ఎక్కింది. సంవత్సరీకం దాకా ఆగలేదు. చిన్న వ్యాపారం చేసుకునే వాళ్ళెవరైనా అడిగితే ఇప్పుడు అదే చెబుతాను. ఇంట్లో పగలు మనిషి లేకపోతే, కాగితం అందుకోవడానికి ఒక మనిషిని పెట్టుకోండి అని. పుష్ప చెప్పింది కరెక్టే అని మాత్రం ఇంతవరకు అనలేదు.

సంవత్సరీకం జరిగింది. మర్నాడు సంతకాల పని మీద క్లాంగ్ వెళ్ళాను. ఐదా నన్ను చూడగానే నవ్వి, నిన్న మీ అత్తగారు వచ్చారు అంది.

నిన్న ఆ వేళకి మేమంతా ఇంట్లో ఆమెకి ఆకు వేసి వడ్డిస్తున్నాం.

ఈసారి చేతిలో ఏమీ లేదట. చుట్ట కూడా లేదట. బోర్డు ముందు నిలబడి, మెనంతు బెసార్ పేరు ఏదమ్మా అని అడిగిందట. ఐదా వేలు పెట్టి చూపించింది. ఆవిడ దగ్గరికెళ్ళి ఆ అక్షరాల మీద అరచెయ్యి ఆనించి నిలబడిందట. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ అక్షరాలు నూకమ్మ అని. అవి తన పేరేనని ఆమెకి తెలుసో లేదో నాకు తెలియదు. చదవడం రాదు కదా.

చిన్న కోడలి పేరు కూడా చూపించమందా అని అడిగాను. లేదండీ, అదొక్కటే అంది ఐదా. నేను ఇంకోసారి అడిగాను. ఇంకోసారి లేదంది.

బోర్డు దగ్గరికెళ్ళి నేనూ చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది, అంతే. దెయ్యాలున్నాయని ఇప్పటికీ ఒప్పుకోను. సంవత్సరీకం అయినా వరండాలో కుర్చీ మాత్రం నేను తియ్యనివ్వలేదు. పుష్ప ఆదివారం వచ్చినప్పుడు అత్త మళ్ళీ ఎప్పుడైనా కనబడిందటా అని అడుగుతూ ఉంటుంది. లేదనే చెబుతున్నాను.