అప్పన్న ఉతికిన తాళ్ళు

2016 జూన్. సముద్రంలో చేపల వేట మీద ఏటా ఉండే నిషేధం ఇంకో రెండు రోజుల్లో ముగుస్తుందనగా భావనపాడు వెళ్ళాను. నేను తెరచాప పడవలకు రిగ్గింగ్ చేస్తాను. అంటే తెరచాపను ఎత్తి, దించి, బిగించే తాళ్ళన్నీ అమర్చే పని. మా చీపురుపల్లిలో ఈ మాట చెబితే టెంట్‌హౌస్ వాడిననుకుంటారు. సముద్రం కనబడని ఊళ్ళో పుట్టినవాడికి ఇదేం బుద్ధి అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

నన్ను పిలిచింది ధనలక్ష్మి. ఆ ఊరి మత్స్యకారుల అమ్మాయి, విశాఖలో పిల్లలకు సెయిలింగ్ నేర్పుతుంది. ఎవరో వదిలించుకున్న పాత పడవ కొని, బాగుచేసి ఊరికి తెచ్చుకుంది. వాళ్ళమ్మ నూకమ్మను అందులో సముద్రం మీదికి తీసుకెళ్ళాలని ఆమె కోరిక. నూకమ్మ పుట్టి పెరిగిందీ, చేపలు అమ్మిందీ ఆ ఒడ్డునే. కానీ ఆడవాళ్ళు వేట పడవ ఎక్కకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఇది వేట పడవ కాదు, వేట కాలమూ కాదు, కాబట్టి వెళ్ళి రమ్మన్నారు పెద్దలు. వేట మొదలయ్యాక వాళ్ళు మళ్ళీ ఆ మాట అంటారన్న నమ్మకం లేదు, నూకమ్మకు నెత్తిమీది చేపల గంప దించే తీరికా ఉండదు.

నిజానికి పని చిన్నదే. తెరచాప అడుగున అడ్డంగా ఉండే బోలు గొట్టాన్ని బూమ్ అంటాం. దాని లోపలినుంచి మూడు తాళ్ళు వెళ్తాయి. ఒకటి అవుట్‌హాల్, తెరచాప కింది మూలను వెనక్కి లాగి బిగించేది. మిగతా రెండూ రీఫింగ్ లైన్లు, గాలి ముదిరితే తెరచాపను కిందికి మడిచి చిన్నది చేసేవి. మూడూ నలిగిపోయాయి, మార్చాలి. పాత తాడు కొసకు కొత్తది కుట్టి అవతలినుంచి లాగితే సరి, లంగాకి కొత్త బొందు ఎక్కించినట్టే. పాతది లోపల ఉంటేనే ఆ సులువు.

నేను వెళ్ళేసరికి ఆ పాత తాళ్ళు మూడూ దండెం మీద ఆరుతున్నాయి. ధనలక్ష్మి తండ్రి అప్పన్న నన్ను ఎంతో మర్యాదగా తీసుకెళ్ళి చూపించాడు. నిషేధం రోజుల్లో పడవల తాళ్ళన్నీ విప్పి మంచినీళ్ళలో ఉతికి ఆరబెట్టడం వాళ్ళకు అలవాటు. సొంత కూతురి పడవకు తక్కువ చేస్తాడా?

"ఉప్పంతా వదిలిపోనాది మేస్త్రిగారూ. కొత్తవి కొనక్కర్నేదు," అన్నాడు.

ఇక కొత్తవి కుట్టి లాగడానికి బూమ్ లోపల ఒక్క తాడూ లేదు. ధనలక్ష్మి తల పట్టుకుంది. సంగతి తెలిసి చిన్నబోయిన అప్పన్న ముఖం చూడలేకపోయాను. వైరింగ్ వాళ్ళు వాడే స్టీల్ రిబ్బను దూర్చి ప్రయత్నించాను. తాళ్ళు ఎక్కాయి గానీ లోపల జడలా అల్లుకుపోయాయి. ఒకటి లాగితే ఇంకోటి కదులుతుంది. పోనీ రీఫింగ్ వదిలేసి అవుట్‌హాల్ ఒక్కటీ పెట్టమన్నాడు అప్పన్న. జూన్ మధ్యాహ్నం గాలి ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా అని కసిరాను. రీఫింగ్ లేకుండా నూకమ్మను ఎక్కనివ్వనని తేల్చి చెప్పేశాను. ఇక మిగిలింది ఒక్క రోజు.

మర్నాడు పొద్దున్నే తాళ్ళన్నీ మళ్ళీ లాగేసి, బూమ్‌ను విప్పించి, ఇసకలో ఉన్న పెద్ద పడవకు ఆనించి నిలువుగా నిలబెట్టించాను. వేట లేక ఖాళీగా ఉన్నవాళ్ళంతా తలో చెయ్యీ వేశారు. వలలకు కట్టే సీసపు గుళ్ళు అడిగితే గుప్పెళ్ళతో తెచ్చారు. సన్నని దారానికి ఒక గుండు కట్టి పైనుంచి వదిలాం. పెద్ద పడవ మీద నిలబడి ధనలక్ష్మి పై కొస పట్టుకుంది, కింద అప్పన్న. కిటుకల్లా ఒక్కటే. మొదటి దారాన్ని ఓ పక్కకు ఆనేలా బిగలాగి పట్టుకుని అప్పుడు రెండోది వదలాలి, అలాగే మూడోది. బిగువుగా ఉన్నదాన్ని పక్కది చుట్టుకోదు. అప్పన్న పట్టు చూసి తీరాలి, ఊపిరైనా పీల్చాడో లేదో. ఎవరో పలకరించబోతే కళ్ళతోనే నోరు మూయించాడు. ఆ దారాలకు కొత్త తాళ్ళు కుట్టి లాగాం. ఈసారి ఏది లాగితే అదే కదిలింది. అప్పన్న నన్ను అమాంతం వాటేసుకుని గిరగిరా తిప్పేశాడు.

మధ్యాహ్నం పడవ దింపాం. ధనలక్ష్మి నన్నూ ఎక్కమంది. నూకమ్మ కొత్త చీర కట్టుకుని, తెరచాప కొయ్యను కౌగిలించుకుని కూర్చుంది. అలలు దాటి కొంత దూరం వెళ్ళేసరికి గాలి ముదిరింది, పడవ ఓ పక్కకు ఒరిగింది. ధనలక్ష్మి తెరచాపను కాస్త దించి రీఫింగ్ లైన్ లాగింది. తెరచాప బుద్ధిగా ముడుచుకుంది, పడవ నిలకడగా నడిచింది. అప్పుడు నూకమ్మ కొయ్య వదిలి మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. ఒడ్డున అప్పన్న తువ్వాలు ఊపుతున్నాడు.

"ఇన్నేళ్ళూ అక్కడ నిలబడి మీ అయ్య పడవ ఎప్పుడు అగుపిస్తాదా అని సూసినాను. ఆయనకి నాను ఇంత సిన్నగా కనబడీదాన్నా?" అంది కూతురితో.

ఇక వెనక్కి తిప్పనా అని ధనలక్ష్మి అడిగింది.

"వద్దే. మీ అయ్యని ఇంకొంచెంసేపు సూడనీ. నువ్వు లోపలికి పోనీ," అంది నూకమ్మ.

ముగ్గురం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం.

అంతకుముందు నేను పని కాగానే ముడులు సరిచూసుకుని రైలెక్కేసేవాణ్ణి. ఇప్పుడు ఏ పడవకు పని చేసినా అది నీళ్ళలోకి దిగేదాకా ఆగుతాను, చోటుంటే ఎక్కుతాను కూడా. తాళ్ళు నడుస్తున్నాయా లేదా అన్నది ఒడ్డున కూడా తెలుస్తుంది. ఎవరి కోసం కట్టానో మాత్రం ఆ మనిషి పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.