లింగమూర్తికి పిల్లను వర్ణించినవాళ్లు

మాదాపూర్‌లో హైటెక్ సిటీ బిల్డింగు ఇంకా సగం కట్టుడులో ఉన్న రోజుల్లో, రోడ్డుకు ఇవతల ఒక రేకుల డబ్బాలో లింగమూర్తి ఎస్టీడీ బూత్ ఉండేది. వికలాంగుల కోటాలో వచ్చింది. అతనికి ఆరో ఏట అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. అంతకుముందు చూసినవి కొన్ని మిగిలాయి. తెల్ల ఎద్దు, పొయ్యిలో మంట, తల్లి కట్టుకున్న ఆకుపచ్చ చీర. ముప్పై దాటినా ఆ కాసిని బొమ్మలతోనే లోకమంతా నడుపుకొస్తున్నాడు.

పగలంతా సిమెంటు లారీల డ్రైవర్లు వచ్చేవాళ్లు. సాయంత్రం కాల్ రేటు తగ్గాక కంప్యూటర్ కోర్సుల పిల్లలు వరస కట్టేవాళ్లు. వాళ్లలో అశ్విని ఒకతె. అనంతపురం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది. తన వంతు వచ్చేదాకా చేతిలో వారపత్రిక పట్టుకుని కూర్చునేది. కాగితాల చప్పుడు విని ఒకరోజు లింగమూర్తి, "ఆ సదివేదేందో జర పైకి సదువు చెల్లె" అన్నాడు. అప్పట్నుంచి అదొక అలవాటైంది.

కథలో ఎవరు ఎవర్ని మోసం చేశారన్నది అతనికి పెద్దగా పట్టేది కాదు. వర్ణన వచ్చిన చోట ఆపేవాడు.

"ఆగు. ఆ పిల్ల జడ నల్లత్రాచు లెక్క ఉన్నదని రాసిండా?"

"అవునన్నా."

"నీకేం కనబడ్డది?"

అశ్విని కాసేపు ఆలోచించింది. "ఏమీ కనపళ్లా. చదివేసి ముందుకు పోయినా."

"నాకు పాము కనబడ్డది. ఇగ పిల్ల యాడుంది? దాన్ని ఎవడన్న కొట్టి సంపినంకనే కథ ముందల్కి పోతది."

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. లింగమూర్తి నవ్వలేదు. ఒకడి తలకాయలో ఉన్నది ఇంకొకడి తలకాయలోకి ఏ దారిన చేరుతుందో అతనికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

ఇంకో వారం ఇంకో కథ. పెళ్లాంతో గొడవపడి వెళ్లిన మనిషి తిరిగి ఇంటికొస్తాడు. అతనికి కోపం తగ్గిందో లేదో రచయిత చెప్పడు. తువ్వాలు తీగ మీద ఆరేశాడు, తీశాడు, మళ్లీ అక్కడే ఆరేశాడు అంటాడు, అంతే. లింగమూర్తి ఆ ముక్క మళ్లీ చదివించుకున్నాడు.

"ఈయన హుషారున్నడు. తువ్వాలొక్కటి మన చేతికిచ్చి ఊకున్నడు. మనిషిని మనమే నిలబెట్టుకున్నం."

అశ్విని ఒప్పుకోలేదు. "అట్లయితే పోలికలన్నీ తీసి పారేయమంటావా? ఎండాకాలంలో మా ఊరి నేల రొట్టె పెనం మాదిరి ఉంటుంది. ఇది కూడా పామేనా?"

ఈసారి ఆలోచించడం లింగమూర్తి వంతైంది. "కాదు. అరికాలు సుర్రుమన్నది" అన్నాడు చివరికి. "నువ్వు ఆ నేల మీద నడిచినవ్. జడ గురించి రాసినాయన పామును సూసిండో లేదో గని, ఆ మాటైతే ఎవరిదో నోట్లకెల్లి తీసుకున్నడు."

ఆ మాట అన్న కొద్ది రోజులకే మేనత్త పార్వతమ్మ సంబంధం తెచ్చింది. తల్లి పోయాక లింగమూర్తిని పెంచింది ఆమే. పిల్ల పేరు సక్కుబాయి. ఉండేది జీడిమెట్లలో, మందుల కంపెనీలో గోళీలు ప్యాక్ చేసే పని.

"పిల్ల ఎట్లుంటదత్తా?"

"సందమామ తునక రా. ముక్కు సంపెంగ మొగ్గ. నడుస్తుంటే హంసనే."

"హంసను నువ్వెప్పుడన్న సూసినవా?"

"నోరు మూసుకో. మంచిగుంటది అంటే మంచిగుంటది."

లింగమూర్తికి గుబులు పట్టుకుంది. వర్ణనకు నగలు ఎక్కువ తొడుగుతున్నాడంటే రాసేవాడు ఆ మనిషిని చూసి ఉండడు, లేదా ఏదో దాస్తున్నాడు. కథల్లో అతనికి తెలిసింది ఇదే. సక్కుబాయి తెలుపా నలుపా అన్నది అతనికి లెక్కలోకి రాదు. చూపున్న పిల్ల చూపులేనివాడి దగ్గరికి ఇష్టపడి వస్తోందా, ఇంట్లోవాళ్లు తోలేస్తున్నారా? అది తేలకుండా సరే అనలేడు. దానికి జవాబు అత్త హంసలో లేదు.

పెళ్లిచూపులకు అశ్వినిని తోడు రమ్మన్నాడు. "నాకు కనబడనిది నువ్వు సూడు" అన్నాడు.

జీడిమెట్ల ఇంట్లో చాయ్ ఇచ్చారు. పెద్దవాళ్ల మాటలు అయిపోయాయి. పిల్లను ఏమైనా అడగమన్నారు. లింగమూర్తి గొంతు సవరించుకున్నాడు.

"మీ కిటికీలకెల్లి ఏం కనబడ్తది?"

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. సక్కుబాయి మాత్రం లేచి కిటికీ దాకా వెళ్లింది. "గోడ. కంపెనీ గోడ. పైన సీసా పెంకులు గుచ్చిన్రు. ఒక పెంకుకు ఎవరిదో పతంగి సిక్కుకున్నది. కాగితమంత పోయి తోకొక్కటే మిగిలింది. గాలొస్తే గోడకు కొట్టుకుంటది."

లింగమూర్తి తల ఊపుతూ ఉండిపోయాడు. తోక చప్పుడు కూడా విన్నాడేమో.

"మీరు అడిగిన్రు, ఇగ నేను అడుగుత" అంది సక్కుబాయి. "మీకు నేనెట్ల అనిపిస్తున్న?"

వారం వారం రచయితల్ని దులిపేసిన మనిషికి ఇప్పుడు తన వంతు వచ్చింది. వెతికాడు. తెల్ల ఎద్దు పనికిరాదు, మంట పనికిరాదు. చివరికి ఎక్కడి నుంచో ఒక మాట దానంతటది ఊడిపడింది.

"పున్నమి వెన్నెల లెక్క."

అశ్వినికి చాయ్ పొలమారింది.

"మా సందుల వెన్నెల ఎవ్వరికి కనబడదు" అంది సక్కుబాయి. "కంపెనీ లైట్లు అడ్డమొస్తయి."

ఇల్లంతా గొల్లున నవ్వింది. పార్వతమ్మ మేనల్లుడి తొడ మీద గిల్లింది. "గిన్ని కథలిని నువ్వు నేర్సింది గిదేనారా!"

తిరుగు బస్సులో అశ్విని చూసిందంతా చెప్పింది. పొడుగు మనిషి, చామనఛాయ, ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చ, నవ్వొస్తే కింది పెదవిని పంటితో పట్టుకుంటుంది.

"ఆమెకు ఇష్టమేనా చెల్లె?"

"కనపడింది చెప్తానన్నా. అది కనపళ్లా."

మూడోనాడు కబురొచ్చింది. పిల్ల ఏ సంగతీ చెప్పలేదు. బూత్ చూస్తానంది.

ఆదివారం మధ్యాహ్నం వచ్చి మూలనున్న స్టూలు మీద కూర్చుంది. పెద్దగా మాట్లాడలేదు. గిరాకీలు వచ్చి పోతూనే ఉన్నారు. ఒకామె ఫోనులో ఏడుపు మొదలుపెట్టింది. ఎప్పటిలాగే లింగమూర్తి తలుపు తడుముకుని బయటికెళ్లి ఎండలో నిలబడ్డాడు. ఆ గొంతు సర్దుకున్నాక, లోపలికొచ్చే ముందు ఒకసారి దగ్గాడు.

జనం తగ్గాక సక్కుబాయి లేచి సిద్దిపేటలో ఉన్న అక్కకు ఫోను కలిపింది. లింగమూర్తి మొహం రోడ్డువైపు తిప్పుకున్నాడు. చెవులు మాత్రం అతని మాట వినలేదు.

"అక్కా, నేనే. ఆఁ, బూత్‌లనే ఉన్న... ఎట్లున్నడంటే, అంగీ గుండీలు ఒకటి తప్పిచ్చి పెట్టుకున్నడు. పొద్దటి సంది ఎవ్వరు చెప్పినట్టు లేరు... నేను చెప్పలే, పరేషాన్ అయితడని. ఇంకనా? ఒకామె ఫోన్ల ఏడుస్తుంటే ఎండల పోయి నిలబడ్డడే. మళ్ల వచ్చేటప్పుడు, వస్తున్న అన్నట్టు దగ్గిండు... లే, నన్నెవ్వరు బలవంతం చెయ్యలే. ఫికర్ చెయ్యకు. సరే అన్నదని బాపుకు నువ్వే చెప్పు."

లింగమూర్తి చెయ్యి అంగీ మీదికి పోయింది. పై గుండీ దొరికింది, కాజా దొరికింది, తేడా దొరికింది. విప్పబోయి ఆగిపోయాడు. ఇప్పుడు సర్దుకుంటే విన్నట్టు బయటపడుతుంది. చెయ్యి అక్కడే పెట్టుకుని, రోడ్డు మీద పోయే లారీని ఎంతో శ్రద్ధగా విన్నాడు.

వెనక ఫోను పెట్టేసిన చప్పుడు.

"ఇన్నరని నాకెరుక" అంది సక్కుబాయి. "ఇగ మంచిగ పెట్టుకోన్రి."