నూట పదహార్లు ఆదాయం కాదట

మా ముత్తాత సంస్థానంలో దివాను. మా తాత తాలూకా బోర్డు అధ్యక్షుడు. తాలూకాలో మొదటి మోటారు కారు ఆయనదే. దాన్ని కొన్ననాడు మీ ఆదాయం ఎంత, ఋజువేమిటి అని ఆయన్ని అడిగిన మనిషి లేడు. మా నాన్న ఏ పదవీ చేయలేదు. కారు, తోట, మేడ ఒకదాని తర్వాత ఒకటి అమ్మారు. అమ్మిన ప్రతిసారీ ఇస్త్రీ పంచె కట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళేవారు. ఆయన కూతురిని నేను. అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో, కమ్మింగ్‌లో, ఇతరుల ఇళ్ళలో వంట చేస్తాను.

వంట చేయడానికి నాకు సిగ్గు లేదు. అన్నయ్య స్పాన్సర్ చేస్తే గ్రీన్ కార్డు మీద వచ్చాను. ఆయన ఉద్యోగం మారి టెక్సస్ వెళ్ళిపోయాడు. నేను ఇక్కడే ఒక బేస్‌మెంట్ అద్దెకి తీసుకుని ఉండిపోయాను. మొదటిసారి ఒక ఇంట్లో వ్రతానికి ముప్ఫైమందికి వండి బయల్దేరుతుంటే, ఆ ఇంటాయన చెప్పుల స్టాండు దగ్గర నిలబడి, ఫోన్‌లో మాట్లాడుతూనే మడతపెట్టిన నోట్లు నా వైపు చాచాడు. నా మొహం కూడా చూడలేదు. నేను తీసుకోలేదు.

"ఇవ్వదలుచుకుంటే తాంబూలంలో పెట్టి ఇవ్వండి" అన్నాను.

ఆ తర్వాత నుంచి మా నాయనమ్మ వెండి పళ్ళెం సంచిలో పెట్టుకుని వెళ్ళేదాన్ని. వంట అయ్యాక దాన్ని కడిగి ఇంటావిడ చేతికిచ్చేదాన్ని. ఆవిడ అందులో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు, వాటి మధ్య డబ్బు పెట్టి, నాకు బొట్టు పెట్టి ఇచ్చేది. నూట పదహారు డాలర్లు, రెండువందల పదహారు. నేను ధర చెప్పేదాన్ని కాదు. తాంబూలానికి ధర ఎలా చెప్తాను? యాభైమందికి వండిన రోజు కూడా నూట పదహారే పెట్టినవాళ్ళున్నారు. కళ్ళకద్దుకుని పుచ్చుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా వైపు బస్సు లేదు. "మా ఆయన పికప్ చేస్తారు ఆంటీ" అంటారు. తీసుకెళ్ళడానికి నిమిషం ఆలస్యం కాదు. దింపడానికే ఎవరికీ తీరిక ఉండదు. ఒక గృహప్రవేశం రోజు మధ్యాహ్నం నా గిన్నెలు పక్కన పెట్టుకుని గ్యారేజీ మెట్టు మీద రెండు గంటలు కూర్చున్నాను. చివరికి ఆ ఇంటాయన లోపలికి తలతిప్పి, "ఆంటీని డ్రాప్ చేయాలి, అటు ఎవరన్నా వెళ్తున్నారా?" అని అరిచాడు. లోపల పేకాట ఆగింది. మళ్ళీ ముక్కలు పంచుకున్నారు. కారు కొనాలని ఆ మెట్టు మీదే అనుకున్నాను.

డ్రైవింగ్ నేర్చుకున్నాను, లైసెన్సు వచ్చింది. ఒక పాత మినీవ్యాన్ చూసుకుని లోన్ కోసం బ్యాంకుకి వెళ్ళాను. అక్కడి ఆఫీసరు నా అకౌంటు కాగితాలు చూసి, "ఈ డిపాజిట్లన్నిటి చివరా పదహారు ఎందుకుంది మ్యామ్?" అంది.

"అలా ఇవ్వడం మా మర్యాద. నేను వంట చేస్తాను."

"గిఫ్టులా? గిఫ్టులు ఆదాయం కింద రావు."

"గిఫ్టులు కావు. నా కష్టం."

"అయితే బిల్లులున్నాయా? రెండేళ్ళ ట్యాక్స్ రిటర్నులు? ఇచ్చినవాళ్ళ ఉత్తరాలు?"

ఏవీ లేవు. వచ్చిన డబ్బులో సగం బ్యాంకు మొహమే చూడలేదు, బిస్కట్ల డబ్బాలో ఉంది. తాంబూలం అనుకున్నదాన్ని ఆదాయమని ఎక్కడా రాయలేదు. మా తాత శిస్తు కట్టనివాళ్ళని పిలిపించి అందరి ముందూ నిలబెట్టేవారట. ఆ కుర్చీలో కూర్చుని నాకు అదే గుర్తొచ్చింది. వెంటనే ట్యాక్స్ చేసే మనిషి దగ్గరికి వెళ్ళి, నాలుగేళ్ళకీ ఫైల్ చేసి, పెనాల్టీతో సహా కట్టాను.

ఉత్తరం కోసం నాలుగేళ్ళుగా నాతో వండించుకుంటున్న ఒకావిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడా, భర్తా ఇద్దరూ సాఫ్ట్‌వేరే.

"అయ్యో ఆంటీ, లెటరా? మా గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఉంది. క్యాష్ ఇచ్చామని సైన్ చేస్తే ఏం ప్రాబ్లమ్ వస్తుందో!"

"వంట చేశానని రాయమ్మా. అబద్ధం రాయమనడం లేదుగా."

"అది కాదు ఆంటీ. మేం మీకు జీతం ఇవ్వలేదు కదా. తాంబూలంలో పెట్టమని మీరే అన్నారు. పెద్దావిడ అని గౌరవంగా ఇచ్చాం." తర్వాత నవ్వి, "అయినా ఈ వయసులో మీకు కారెందుకు? మేం లేమూ?" అంది.

నేను లేచి వచ్చేశాను. ఆవిడ పిరికితనం నాకు పెద్ద లెక్క కాదు. తాంబూలంలో పెట్టమన్నానన్న మాట మాత్రం నిజం, అదే మంట. ఆవిడకి ఆ సాకు చేతికిచ్చింది నేనే. కూలి అనే మాట నా చెవిన పడకూడదని నాలుగేళ్ళు కూలి కంటే తక్కువకి పనిచేశాను. దానికి వాళ్ళంతా గౌరవం అని పేరు పెట్టుకున్నారు.

లోన్‌కి హామీగా అన్నయ్యని సంతకం పెట్టమంటే పెట్టేవాడు. నేను అడగలేదు.

బిల్లు పుస్తకం అచ్చువేయించాను. నెల తిరగకముందే ఉత్తరం ఇవ్వనన్న ఆవిడ ఇంట్లోనే పుట్టినరోజుకి వండి, పని అయ్యాక కాగితం చింపి ఆవిడ చేతిలో పెట్టాను. నలభైమందికి వంట, ఆరువందల డాలర్లు.

"ఇదేంటి ఆంటీ, కేటరింగ్ వాళ్ళలా!"

"కేటరింగ్ వాళ్ళమే అమ్మా. చెక్కు ఇవ్వు."

గెస్టులందరూ చూస్తున్నారు. ఇచ్చింది. మళ్ళీ నన్ను పిలవలేదు. పిలిచినవాళ్ళు మాత్రం చెక్కులే ఇచ్చారు.

ఆరు నెలల చెక్కులు, రెండేళ్ళ రిటర్నులు పట్టుకుని మళ్ళీ బ్యాంకుకి వెళ్ళాను. ఆ ఆఫీసరే అన్నీ చూసి, లోన్ ఇస్తాం గానీ డౌన్ పేమెంట్ ఇంకొంచెం ఎక్కువ కట్టాలి అంది. వారంలో కట్టాను. ఇప్పుడు మినీవ్యాన్‌లో నా గిన్నెలు నేనే తెచ్చుకుని నేనే తీసుకెళ్తున్నాను.

ఆ డౌన్ పేమెంట్ కోసం నాయనమ్మ పళ్ళెం అట్లాంటాలో ఒక నగల దుకాణంలో అమ్మాను. అంచు మీద చెక్కిన మా ఇంటిపేరుకి విలువ కట్టలేదు. వెండి తూకానికే కొన్నారు.