మా డెట్రాయిట్ జట్టు పుట్టిన ఊరికి ఐదు గంటలు

మా అమ్మాయి షారన్ ఏడో తరగతి. ఆదివారం మా తెలుగు చర్చిలో ఆరాధన ఒంటిగంటకు దగ్గరపడిందంటే వాచీ చూసుకోవడం మొదలుపెడుతుంది. డెట్రాయిట్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆట ఆ టైముకే మొదలవుతుంది మరి. అలాంటి పిల్ల మొన్న స్కూలు నుంచి ముఖం మాడ్చుకుని వచ్చింది. సొంత ఊరి జట్టు చరిత్ర మీద సోమవారం క్లాసులో మాట్లాడాలట. డెట్రాయిట్ జట్టు గురించి చెప్తానని ఇది చేయెత్తగానే ఒక పిల్లవాడు, "అది మీ ఊరి జట్టు ఎలా అవుతుంది? మీది ఇండియా కదా" అన్నాడట. "నేను చెప్పను మమ్మీ, టాపిక్ ఛేంజ్ చేసుకుంటా" అంది. ఇక్కడే, డెట్రాయిట్ పక్కన మా నోవైలోనే పుట్టిన పిల్ల! నాకు ఒళ్లు మండింది.

వెంటనే కూర్చుని ఆ జట్టు పుట్టుపూర్వోత్తరాలు చదివాను. తీరా చూస్తే అది డెట్రాయిట్‌లో పుట్టనే లేదు. ఒహాయో రాష్ట్రం దక్షిణపు చివర, నది ఒడ్డున ఉన్న పోర్ట్స్‌మత్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. గడ్డురోజుల్లో పోషించలేక ఆ ఊరివాళ్లు జట్టుని అమ్ముకుంటే, డెట్రాయిట్‌లో రేడియో స్టేషన్ ఉన్న ఒకాయన కొని తెచ్చుకున్నాడు. అది జరిగి తొంభై ఏళ్లు దాటింది. వలస వచ్చిన జట్టును మీది ఏ ఊరని ఎవరూ అడగరు గానీ నా కూతుర్ని అడుగుతారా? "శనివారం వెళ్తున్నాం" అన్నాను. "ఫోన్‌లో చూపిస్తే చాలదా? పోనూ రానూ పది గంటల డ్రైవ్" అని మా ఆయన గొణిగారు. నేను పట్టుకుంటే వదలనని తెలుసు కాబట్టి, గొణుగుతూనే వెళ్లి కారులో గ్యాస్, అదే పెట్రోలు, కొట్టించుకొచ్చారు.

ఉదయం ఆరింటికి షారన్, నేను బయల్దేరాం. దారి చాలా సులువు. నోవై నుంచి ఇరవై నిమిషాల్లో ఇరవై మూడో నంబరు రోడ్డు ఎక్కితే, టొలీడో, కొలంబస్ మీదుగా అదే నంబరు రోడ్డు పోర్ట్స్‌మత్ దాకా తీసుకెళ్తుంది. సుమారు రెండువందల ఎనభై మైళ్లు. కొలంబస్‌కి ముందు సిగ్నళ్లు మాత్రం ప్రాణం తీస్తాయి. చిల్లికాతీ దాటాక కొండలు మొదలై కళ్లకు హాయిగా ఉంటుంది. రానూ పోనూ గ్యాస్‌కి డెబ్బై డాలర్లయింది. మధ్యాహ్నానికి పులిహోర కట్టుకున్నాం.

పదకొండున్నరకి ఆ జట్టు మొదట్లో ఆడిన స్టేడియం చేరాం. పాత కాంక్రీటు మెట్లు, పచ్చిక, ఆ పక్కనే నది. గేటుకి తాళం! ముందు కనుక్కోవాలన్న బుద్ధి నాకెక్కడిది? "వెళ్లిపోదాం మమ్మీ" అంది షారన్. "ఐదు గంటలు వచ్చింది తాళం చూడ్డానికా?" అని, లోపల మెషీన్‌తో గడ్డి కోస్తున్న పెద్దాయన్ని కేకేశాను. ఆయన మెషీన్ ఆపి వచ్చి, "ఎక్కడి నుంచి వస్తున్నారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఇండియా. ఆంధ్రప్రదేశ్, కాకినాడ దగ్గర" అన్నాను.

"పొద్దున్నే బయల్దేరారా?" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వి పక్కకు తిరిగితే షారన్ లేదు. కారు దగ్గర నిలబడి ఉంది, కళ్లనిండా నీళ్లు.

"నువ్వే అలా చెప్తే ఆ అబ్బాయి అన్నది కరెక్టే కదా మమ్మీ!"

ఇరవై ఏళ్లుగా ఎవరడిగినా అదే జవాబు, నోటికి అలవాటైపోయింది. ఏ మాటకి మండిపడి ఇంతదూరం వచ్చానో, ఆ మాటే నా నోటితో అన్నాను. సిగ్గేసింది. "తప్పు నాదే తల్లీ. ఈసారి నువ్వే చెప్పు" అన్నాను.

కళ్లు తుడుచుకుని గేటు దగ్గరకి నడిచింది. "మేము నోవై నుంచి వచ్చాం. డెట్రాయిట్ పక్కన. మా జట్టు ఇక్కడ పుట్టిందని చూడ్డానికి వచ్చాం" అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది.

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "ఓహో, మా జట్టుని పట్టుకుపోయింది మీరేనన్నమాట" అన్నాడు. "మా తాతకి చచ్చేదాకా మీమీద కోపం పోలేదు. అయినా ఆదివారం వస్తే రేడియోలో మీ ఆటే వినేవాడు."

షారన్, "ఎన్నేళ్లు ఓడిపోయినా మేం ఆ జట్టుని వదల్లేదు అంకుల్" అంది.

"అదీ నిజమే" అని ఆయన తాళం తీశాడు. టికెట్ ఏమీ లేదు. పదకొండుమందే మార్పు లేకుండా ఆటంతా ఆడి గెలిచిన పాత మ్యాచ్ సంగతి ఆయన చేతులూపుతూ చెబుతుంటే షారన్ నోటు పుస్తకంలో గబగబా రాసుకుంది. పులిహోర పెడితే మొహమాటపడకుండా రెండుసార్లు తిన్నాడు. నది పొంగి ఊళ్లోకి రాకుండా కట్టిన వరద గోడ మీద ఊరి చరిత్రంతా బొమ్మలు వేశారు, అవి చూసి రెండున్నరకి తిరుగు ప్రయాణమయ్యాం.

మీరూ వెళ్లేట్టయితే ముందు ఊరి పార్కుల ఆఫీసుకి ఫోన్ చేసి స్టేడియం తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి, అందరికీ ఆ పెద్దాయన దొరకడు. నేను కాకినాడ దాన్నే, అది మారదు, మారాలనీ లేదు. కానీ అది నా జవాబు. ఇన్నాళ్లూ నా కూతురి జవాబు కూడా నేనే చెప్పేశానని ఆ గేటు దగ్గర తెలిసింది. సోమవారం షారన్ క్లాసులో మాట్లాడింది. ఎలా మొదలుపెట్టావని అడిగాను. "'మా జట్టు' అని స్టార్ట్ చేశా మమ్మీ. ఎవరూ ఏం అనలేదు" అంది.